స్పెక్ మియాటా: కారుని రేసుకీ, రూల్‌బుక్‌కీ సరిపడేలా ఉంచుకోవడం ఎలా

స్పెక్ మియాటా అనే ఈ అమెరికా కార్ల రేసు క్లాసులోకి కొత్తగా వచ్చినవాళ్లు మొదట అడిగేది ఒకటే: "ఇంజిన్‌కి ఏం చేయించాలి?" రూల్‌బుక్ ఒప్పుకున్నది తప్ప ఏమీ చేయించకూడదు. స్పెక్ మియాటాలో అందరిదీ ఒకే కారు. 1990 నుంచి 2005 మోడల్ దాకా వచ్చిన మాజ్డా మియాటా, రెండు సీట్ల చిన్న ఓపెన్ టాప్ బండి. అందరికీ ఒకే స్ప్రింగులు: ముందు అంగుళానికి 700 పౌండ్లు, వెనక 325. అందరి చక్రాలూ 15 అంగుళాలు, వెడల్పు 7. టైరు కూడా నిర్వాహకులు చెప్పిందే వేయాలి. ఇంత కట్టడి ఉన్నా ఒకడు ముందుంటాడు, ఇంకొకడు ల్యాప్‌కి రెండు సెకన్లు వెనకబడతాడు. నా లెక్కలో అందులో ఒక సెకను డ్రైవర్‌ది. రెండో సెకను గరాజ్‌ది. ఇక్కడ చెప్పేది ఆ రెండో సెకను గురించి.

ఈ క్లాసు 1990ల చివర్లో టెక్సాస్‌లో మొదలైంది. 2006లో ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) వాళ్ల జాతీయ పోటీ రన్ఆఫ్స్‌లోకి వచ్చింది. ఎస్‌సీసీఏ కాక నాసా అనే ఇంకో సంస్థ కూడా ఈ రేసులు నడుపుతుంది. ఇది రాకెట్ల నాసా కాదు, నేషనల్ ఆటో స్పోర్ట్ అసోసియేషన్. ఈ తేడా నేను ఫోన్‌లో సరిగ్గా చెప్పకపోవడం వల్ల మా అమ్మ వీధిలో అందరికీ "మావాడు శని ఆదివారాలు నాసాకి వెళ్తాడు" అని చెప్పుకుంది. ఇప్పటికీ సరిదిద్దలేదు.

నేను ఉండేది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో, ఎక్కువగా నడిపేది విల్లోస్ ఊరి దగ్గరున్న థండర్‌హిల్ ట్రాక్‌లో. నాది 1992 మోడల్, 1.6 ఇంజిన్. ముప్ఫై ఏళ్లు దాటిన కారు అంటే ఏమిటో ముందు అర్థం చేసుకోండి. రూల్‌బుక్‌లో ఒక కారు ఉంటుంది, మీ గరాజ్‌లో ఒక కారు ఉంటుంది. రెండోది ప్రతి రేసుకీ మొదటిదానికి కొంచెం దూరం జరుగుతుంది. బుష్ అరుగుతుంది, బోల్టు కదులుతుంది, బరువు మారుతుంది, ఎవరో పాత ఓనరు వేసిన తప్పుడు పార్ట్ బయటపడుతుంది. మెయింటెనెన్స్ అన్నా, రూల్ పాటించడం అన్నా ఆ రెండు కార్లనీ మళ్లీ ఒక్కటి చేయడమే. రెండు పనులనుకుంటే రెండూ సగం సగం అవుతాయి.

ముందు కాగితాలు

పానా పట్టుకునే ముందు ఒక ఫైలు తెరవండి. అందులో ఉండాల్సినవి ఇవి: ఈ ఏడాది రూల్‌బుక్‌లో మీ క్లాసు పేజీల ప్రింటు, కారు లాగ్‌బుక్, స్పెక్ పార్టులు కొన్న రసీదులు, ఇంజిన్ కట్టినవాళ్లు ఇచ్చిన కొలతల షీటు. ఎస్‌సీసీఏ రూల్స్ ఏడాదికోసారి అచ్చు వేసి వదిలేసేవి కావు. ఫాస్ట్‌ట్రాక్ అనే బులెటిన్‌లో నెలనెలా మార్పులు వస్తాయి. ఫోన్‌లో నెలకోసారి రిమైండర్ పెట్టుకుని మియాటా అన్న మాట ఉన్న పేరాలు మాత్రం చదవండి, పది నిమిషాల పని.

చదివేటప్పుడు ఒక సూత్రం గుర్తుంచుకోవాలి. ఈ రూల్‌బుక్‌లో "చేయకూడదు" అని రాయని పనులన్నీ చేసుకోవచ్చని కాదు. "చేయొచ్చు" అని రాసింది తప్ప మిగతా అంతా నిషిద్ధమే. మనవాళ్లకి ఇది మింగుడుపడటం కష్టం. ఎక్కడ రాసి ఉంది అని అడగడం మనకి అలవాటు. ఇక్కడ ఆ ప్రశ్న మీ వైపు తిరుగుతుంది: మీరు చేసింది ఒప్పని ఎక్కడ రాసి ఉందో మీరే చూపించాలి.

ఇంకో మాట. ఒకే మోడల్ అన్నా నిజానికి ఇందులో నాలుగు రకాల కార్లున్నాయి: 1990-93 నాటి 1.6, 1994-97 నాటి 1.8, 1999-2000 మోడళ్లు, 2001-05 నాటి వీవీటీ (వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చుకునే) ఇంజిన్ కార్లు. వీటిని సమానం చేయడానికి ఒక్కో రకానికి వేరే కనీస బరువు పెట్టారు. బలమైన ఇంజిన్ల గాలి దారిలో కన్నం ఉన్న రిస్ట్రిక్టర్ ప్లేటు పెట్టిస్తారు. ఈ అంకెలు ఎప్పటికప్పుడు మారుతుంటాయి కాబట్టి స్నేహితుడు చెప్పిన బరువు నమ్మొద్దు. మీ ఏడాదికి, మీ ఇంజిన్‌కి రాసి ఉన్నదే చూసి, పెద్ద అక్షరాలతో గరాజ్ గోడ మీద అంటించండి.

పాత రేసు కారు కొంటుంటే ఈ ఫైలు మరీ ముఖ్యం. అమ్మినవాడు చేసిన తప్పు ఆ రోజు నుంచి మీ తప్పే. కొనేముందు రిస్ట్రిక్టర్ విప్పి కొలవండి, స్ప్రింగుల మీద నంబర్లు చూడండి. 1990, 91 తొలి కార్లయితే ఇంజిన్ ముందుండే క్రాంక్ పుల్లీ ముందు వైపు గాట్లు లెక్కపెట్టండి. నాలుగుంటే అది పొట్టి ముక్కు క్రాంక్. దాని బోల్టు వదులై కీ గాడి పాడయ్యే జబ్బు ఆ కార్లకి పేరుమోసింది. ఎనిమిదుంటే నిశ్చింత.

సోమవారం రాత్రి: హబ్‌లు

రేసు అయ్యాక కారుని ట్రైలర్ మీదే రెండు వారాలు వదిలేసి, మళ్లీ గురువారం రాత్రి హడావిడి పడేవాళ్లని చూశాను. నేనూ అలాగే చేసేవాడిని. ఇప్పుడు సోమవారం రాత్రి గంటన్నర కారు కింద గడుపుతాను. దెబ్బలు ఇంకా తాజాగా ఉంటాయి, ఏ మలుపులో ఏ శబ్దం వచ్చిందో గుర్తుంటుంది.

మొదలుపెట్టాల్సింది ముందు చక్రాల హబ్‌లతో, అంటే చక్రం బిగించి తిరిగే మధ్య ముక్కలతో. ఈ కారులో రేసుకి ముందుగా లొంగిపోయే పార్ట్ ఇదే. బేరింగ్, హబ్ కలిసి ఒకే ముక్కగా వస్తాయి, లోపల గ్రీజు మార్చే వీలుండదు. ఊళ్లో తిరగడానికి తయారైన బేరింగ్‌కి జిగురు టైర్లు, వేడెక్కిన బ్రేకులు కలిసి నరకం చూపిస్తాయి.

ఇలా చూడండి. కారుని జాకీతో లేపి జాక్ స్టాండ్ మీద దించండి. చక్రాన్ని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి. "టక్" మని కొంచెం ప్లే, అంటే వదులు, తగిలితే హబ్ కానీ బాల్ జాయింట్ (సస్పెన్షన్‌ని చక్రానికి కలిపే బంతి కీలు) కానీ పోయినట్టు. ఏది పోయిందో తెలియాలంటే ఇంకొకరిని బ్రేక్ తొక్కి పట్టమనండి. ప్లే మాయమైతే అది హబ్. అలాగే ఉంటే బాల్ జాయింట్. ఇప్పుడు చేతుల్ని ఎడమకీ కుడికీ మార్చి ఊపండి. అక్కడ మాత్రమే వదులుంటే స్టీరింగ్ టై రాడ్ చివర చూడాలి.

తర్వాతది చెవికి అందదు, చేతికే అందుతుంది. ఒక చేత్తో చక్రం తిప్పుతూ రెండో చెయ్యి కాయిల్ స్ప్రింగ్ మీద వేయండి. బాగున్న హబ్ అయితే స్ప్రింగ్‌లో ఏమీ తెలియదు. పోబోతున్న హబ్ అయితే ఇసుక కలిసిన పిండి తిరగలిలో వేసి తిప్పినట్టు సన్నటి గరగర వేళ్లకి తగులుతుంది. ప్లే రావడానికి ఒకటి రెండు రేసుల ముందే ఈ గరగర మొదలవుతుంది. దొరికిన రోజే మార్చేయండి. నేను బాగున్నా సరే సీజన్‌కి ఒకసారి రెండూ మార్చేస్తాను, పాతవి స్పేర్లుగా కూడా ఉంచుకోను. బిగించేటప్పుడు హబ్ నట్టుకి మాజ్డా మాన్యువల్ చెప్పేది 124 నుంచి 159 ఫుట్-పౌండ్లు. నట్టు అంచుని గాడిలోకి కొట్టి లాక్ చేసే రకం కాబట్టి ప్రతిసారీ కొత్త నట్టే వాడాలి.

హబ్ పోతోందని కారు ఇంకో రకంగా కూడా చెబుతుంది. వేగంగా తిరిగే పెద్ద మలుపు దాటి తర్వాతి బ్రేకింగ్ దగ్గర పెడల్ తొక్కితే మొదటి అంగుళం ఖాళీగా దిగుతుంది. రెండోసారి తొక్కితే మామూలే. వదులైన హబ్‌తో పాటు డిస్క్ పక్కకి ఊగి ప్యాడ్‌లని వెనక్కి నెట్టేయడం వల్ల వచ్చే తంటా అది. చాలామంది దీన్ని బ్రేక్ ఫ్లూయిడ్ మరగడం అనుకుని బ్లీడ్ చేస్తూ, అంటే పైపుల్లోంచి పాతది వదులుతూ, కూర్చుంటారు.

బ్రేకులు

ఫ్లూయిడ్ విషయంలో పిసినారితనం వద్దు. డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోతుంది. రేసింగ్ ఫ్లూయిడ్లు కొత్తలో ఇంకా ఎక్కువ తట్టుకుంటాయి కానీ అవీ తేమ పీలుస్తాయి. ప్రతి రేసు వారాంతానికి ముందు నాలుగు చక్రాల దగ్గరా పాతది పోయి కొత్తది వచ్చేదాకా వదలండి. సగం వాడి మూత పెట్టిన డబ్బా నెల తర్వాత రేసు కారుకి పనికిరాదు, క్లచ్‌కి వాడుకోండి.

మియాటాలో కొత్తవాళ్లకి తెలియని పని ఒకటుంది, వెనక క్యాలిపర్ (ప్యాడ్‌లని డిస్క్‌కి నొక్కే భాగం) అడ్జస్ట్‌మెంట్. హ్యాండ్ బ్రేక్ వెనక క్యాలిపర్‌లోనే ఉంటుంది కాబట్టి పిస్టన్‌ని లోపలి స్క్రూ ఒకటి నడిపిస్తుంది. ప్యాడ్‌లు అరిగినా, కొత్తవి వేసినా ఆ దూరం మారుతుంది, పెడల్ లోతుగా దిగుతుంది. క్యాలిపర్ వెనక ఉన్న బోల్టు మూత విప్పండి. లోపల చిన్న అలెన్ స్క్రూ కనిపిస్తుంది. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దించి, చక్రం తిరగనంత వరకు ఆ స్క్రూని సవ్య దిశలో తిప్పి, అక్కడి నుంచి మూడో వంతు చుట్టు వెనక్కి వదలండి. రెండు వైపులా ఇదే. ఈ పని మొదటిసారి చేసిన రోజు నాకు వేరే కారు ఎక్కినట్టనిపించింది. బ్రేకులు బాగోలేవని ఖరీదైన ప్యాడ్‌లు కొన్న డబ్బు తలుచుకుని బాధ కూడా కలిగింది.

క్యాలిపర్ జారే స్లైడర్ పిన్నులు తీసి తుడిచి బ్రేక్ గ్రీజు రాయండి. ఎండిపోయిన పిన్ను వల్ల ఒక ప్యాడ్ ఏటవాలుగా అరుగుతుంది. 1.6 కార్లకి ముందు డిస్క్ 235 మిల్లీమీటర్లే, 1.8 వాటికి 255. చిన్న డిస్కులవాళ్లు పగుళ్లు ఎక్కువ చూసుకోవాలి. వెంట్రుకంత గీతలు పర్వాలేదు. గోరు పట్టే పగులు డిస్క్ అంచు దాకా పాకితే పారేయడమే.

చక్రాల నట్లు టార్క్ రెంచ్‌తోనే బిగించండి. మాన్యువల్ అంకె 65 నుంచి 87 ఫుట్-పౌండ్లు. ప్రతి సెషన్‌కి ముందు, చల్లారాక, ఒకే మనిషి చూడాలి. ఇద్దరుంటే "నువ్వు చూశావనుకున్నా" అన్న మాట ఎప్పుడో ఒకసారి వినాల్సి వస్తుంది.

వేడి, ఆయిల్

జూలైలో థండర్‌హిల్ ఎండకి రెంటచింతల గుర్తొస్తుంది. అప్పుడు బయటపడే లోపాలు రేడియేటర్‌వే. పైన ఉండే ప్లాస్టిక్ ట్యాంక్ నల్ల రంగు పోయి గోధుమ రంగుకి తిరిగితే పెళుసెక్కింది, మార్చండి. రేడియేటర్ మూత చవకైనదే కాబట్టి ఏటా మార్చండి. కారు అడుగున ముందు వైపు ఉండే ప్లాస్టిక్ పళ్లెం, అదే అండర్‌ట్రే, ఊడిపోతే చాలామంది పట్టించుకోరు. దాని పని బురద ఆపడం ఒక్కటే కాదు. గాలిని రేడియేటర్ గుండా నెట్టేది కూడా అదే. అది లేకపోతే గాలి తేలికైన దారి చూసుకుని కింద నుంచి పోతుంది, ఎంత మంచి రేడియేటర్ ఉన్నా సూది పైకి పాకుతుంది. రేసు కారులో గ్లైకాల్ కూలెంట్ పోయకండి. ట్రాక్ మీద ఒలికితే సబ్బు నీళ్లలా జారుతుంది, వెనకొచ్చేవాడికి ప్రాణం మీదికొస్తుంది. నీళ్లు, తుప్పు పట్టకుండా కలిపే మందు చాలు. చలికాలం కారు బయట ఉంచేవాళ్లు మాత్రం నీళ్లు వదిలేయడం మరిచిపోవద్దు.

ఆయిల్ ఒకటి రెండు వారాంతాలకి మార్చాలి. ఫిల్టర్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద దాక్కుని ఉంటుంది. చెయ్యి కాల్చుకోకుండా, మోచెయ్యి గీరుకోకుండా దాన్ని తీసినవాడిని నేనింతవరకు చూడలేదు. తీశాక పారేయకుండా కోసి లోపలి కాగితం మడతలు విప్పి వెలుతురులో చూడండి. రాగి రంగు మెరుపు కనిపిస్తే బేరింగ్ కబురు పంపినట్టే. 1997 వరకు వచ్చిన ఇంజిన్లలో వాల్వులని నెట్టే హైడ్రాలిక్ లిఫ్టర్లు టిక్ టిక్ మంటాయి. స్టార్ట్ చేయగానే వచ్చి వేడెక్కాక ఆగిపోతే దానికోసం నిద్ర మానుకోనక్కర్లేదు.

దారంతో అలైన్‌మెంట్

షాపుకి వెళ్తే డబ్బు తీసుకుని లేజర్‌తో చేస్తారు. మంచిదే. కానీ శనివారం ఉదయం ఎవడో పక్కనుంచి చక్రానికి చక్రం తగిలించి వెళ్తే మధ్యాహ్నం రేసుకి షాపు రాదు. నేర్చుకోండి. కావాల్సింది నాలుగు జాక్ స్టాండ్లు, రెండు నిటారైన పైపులు, చేపల గాలానికి కట్టే నైలాన్ దారం, ఒక స్టీలు స్కేలు.

పనుల వరస తప్పకూడదు: ముందు కారు ఎత్తు, తర్వాత నాలుగు మూలల బరువు, తర్వాత క్యాంబర్ (చక్రం నిలువు నుంచి ఎంత వాలిందో), చివర టో (చక్రం ముక్కు లోపలికి చూస్తోందా బయటికా). ఎత్తు మారిస్తే క్యాంబరూ టో రెండూ మారతాయి. టో మారిస్తే ఎత్తు మారదు. తిరగేసి చేస్తే తెల్లారిందాకా తిరుగుతూనే ఉంటారు.

డ్రైవర్ సీటులో మీ అంత బరువు ఉంచండి. నేను బియ్యం సంచులు పెడతాను. ఇండియన్ స్టోర్‌లో 20 పౌండ్ల సంచులు దొరుకుతాయి, లెక్క తేలిక, తర్వాత వండుకోవచ్చు. స్టీరింగ్ తిన్నగా ఉంచి కదలకుండా కట్టండి. ఒక పైపు ముందు, ఒకటి వెనక స్టాండ్ల మీద పెట్టి, రెండింటికీ ఒకే దూరంలో గాట్లు పెట్టి, వాటిలో కారుకి చెరో పక్కా దారం లాగండి. రెండు దారాలూ సమాంతరంగా ఉంటాయి. ఇప్పుడు కారు వాటికి సరిగ్గా మధ్యలో ఉండాలి. ముందు చక్రాల నడి బిందువు నుంచి దారానికి దూరం ఎడమా కుడీ ఒకటి కావాలి. వెనక కూడా అంతే. ముందు, వెనక అంకెలు మాత్రం ఒకటి కావు. తొలి తరం మియాటాకి ముందు చక్రాల మధ్య వెడల్పు 1410 మిల్లీమీటర్లు, వెనక 1430. అంటే ముందు చక్రం దగ్గర దారం సుమారు 10 మిల్లీమీటర్లు ఎక్కువ దూరంగా కనిపించాలి. ఇది తెలియక నాలుగూ సమానం చేసి, కారు సరిగ్గా ఉందనుకుని, ట్రాక్ మీద పట్టు దొరక్క నేను ఒక వారాంతం మొత్తం పాడు చేసుకున్నాను.

ఆ తర్వాత స్కేలుతో రిమ్ ముందంచు నుంచి దారానికి, వెనకంచు నుంచి దారానికి కొలవండి. ముందంచు దగ్గర 101, వెనకంచు దగ్గర 100 వచ్చిందనుకుందాం. దారం బయట ఉంది కాబట్టి చక్రం ముక్కు ఒక మిల్లీమీటరు లోపలికి చూస్తోంది, అంటే టో ఇన్. ముందు చక్రాలకి నేను సున్నా నుంచి రెండు వైపులా కలిపి ఒకటిన్నర మిల్లీమీటరు బయటికి పెడతాను. వెనక చక్రాలకి ఎప్పుడూ కొంచెం లోపలికే. వెనక టో బయటికి పోయిన మియాటా బ్రేక్ తొక్కగానే తోక ముందుకి తెస్తుంది. క్యాంబర్ ముందు నెగెటివ్ మూడు డిగ్రీల చుట్టుపక్కల, వెనక అర డిగ్రీ తక్కువగా మొదలుపెట్టి, టైరు అరుగుదల చూసి దిద్దుకోండి.

ఈ కొలతల్ని పట్టి ఉంచేవి కంట్రోల్ ఆర్మ్‌ల (చక్రాన్ని పట్టుకునే సస్పెన్షన్ చేతుల) దగ్గరి ఎక్సెంట్రిక్ బోల్టులు, అంటే తిప్పితే చక్రం కోణం మారేవి. గట్టి దెబ్బ తగిలితే అవే జారతాయి. అన్నీ కుదిరాక ప్రతి ఎక్సెంట్రిక్ వాషర్ మీద నుంచి ఫ్రేమ్ మీదికి తెల్ల పెయింట్ పెన్నుతో ఒక గీత గీయండి. ట్రాక్ దగ్గర దెబ్బ తగిలాక కింద పడుకుని చూస్తే చాలు. గీత విరిగిన చోట బోల్టు జారింది. వదులు చేసి, గీత కలిపి, బిగిస్తే పావుగంటలో మళ్లీ పాత అలైన్‌మెంట్‌కి దగ్గరకొస్తారు. ఈ తెల్ల గీత ఆదా చేసినన్ని రేసులు నాకు ఏ ఖరీదైన పార్టూ ఆదా చేయలేదు.

కాటా దగ్గర

నా మొదటి పోడియం కథ చెప్పాలి. మూడో స్థానం. చెయ్యి ఊపుకుంటూ కాటా మీదికి ఎక్కించాను. కనీస బరువుకి ఆరు పౌండ్లు తక్కువ. కాటా దగ్గర ఉన్న పెద్దాయన ఇంకోసారి వెనక్కి తీసుకెళ్లి ఎక్కించమన్నాడు. అదే అంకె. అంతే, మూడో స్థానం పోయింది. తప్పు పూర్తిగా నాదే. శుక్రవారం ట్యాంక్ నిండుగా తూచి, బరువు ఉందిలే అనుకున్నాను.

బరువు తూచేది రేసు అయ్యాక, మీరు హెల్మెట్‌తో సహా లోపల ఉండగా. కాబట్టి వెనక నుంచి లెక్క వేయాలి. గ్యాలన్ పెట్రోలు ఆరు పౌండ్లకి కొంచెం పైన తూగుతుంది. అరగంట రేసులో నాలుగు గ్యాలన్ల దాకా తాగిందనుకోండి, పాతిక పౌండ్లు గాల్లో కలిసిపోయినట్టే. ఎండాకాలం మీ చెమట రెండు మూడు పౌండ్లు. ఇవన్నీ పోగా కనీస బరువు మీద పది పౌండ్లు మిగిలేలా చూసుకోండి. అంతకంటే ఎక్కువ మిగిలితే ఊరికే మోస్తున్నట్టు, తక్కువ మిగిలితే జూదం. తక్కువైనదాన్ని పాసింజర్ వైపు నేల మీద రూల్ చెప్పినట్టు బోల్టులతో బిగించిన దిమ్మెలతో నింపండి.

మీ సొంత కాటా ఎంత మంచిదైనా ట్రాక్ వాళ్ల కాటాదే ఆఖరి మాట. శుక్రవారమే వెళ్లి వాళ్ల దాని మీద తూచుకుని, మీదానితో తేడా రాసిపెట్టుకోండి.

నాలుగు మూలల బరువు సంగతి క్లుప్తంగా. నాలుగు తూకాల మీద కారు పెట్టి, మలుపులో కారు ఒరగకుండా ఆపే యాంటీ రోల్ బార్ లింకులు ఒక వైపు విప్పి చూడాలి. కుడి ముందు, ఎడమ వెనక కలిపితే మొత్తంలో సగం రావాలి. ఒక మూల స్ప్రింగ్ కాలర్ పైకి తిప్పితే ఆ మూలకీ దానికి ఐమూలగా ఉన్న మూలకీ బరువు పెరుగుతుంది, మిగతా రెండింటికీ తగ్గుతుంది. నులక మంచం ఒక కోడు కింద చెక్క ముక్క పెట్టినట్టే. పావు చుట్టు చొప్పున తిప్పుతూ వెళ్లండి.

ఇంపౌండ్‌లో ఏం జరుగుతుంది

రేసు అయ్యాక ముందు వచ్చినవాళ్లని ఇంపౌండ్ అనే కంచెలోకి పంపిస్తారు. అక్కడ ఇంజిన్ ఆపి, దిగి, కారు ముట్టుకోకుండా నిలబడండి. బానెట్ తెరవమనేదాకా తెరవొద్దు. టైరు గాలి కూడా చూడొద్దు. నీళ్లు తాగుతూ ఉండండి.

వాళ్లు చూసేవి రోజుకో రకం. రిస్ట్రిక్టర్ కన్నంలో గేజ్ దూర్చి చూడొచ్చు. పెట్రోలు శాంపిల్ తీయొచ్చు. విస్లర్ అనే పరికరాన్ని స్పార్క్ ప్లగ్ కన్నంలో బిగించి ఇంజిన్ విప్పకుండానే కంప్రెషన్ నిష్పత్తి లెక్కగట్టొచ్చు. షాక్ అబ్జార్బర్లు విప్పి డైనో అనే పరీక్ష యంత్రం మీద పెట్టొచ్చు. పెద్ద పోటీల్లో ఇంజిన్ పై భాగమైన హెడ్ కూడా విప్పుతారు. 2014లో లగూనా సెకా ట్రాక్‌లో జరిగిన రన్ఆఫ్స్‌లో అదే జరిగింది. వాల్వ్ సీటు కింద గాలి దారి అంచుని రూల్ ఒప్పుకున్నదానికి మించి నునుపు చేశారని పై స్థానాల్లో వచ్చిన పలు కార్లని తీసేశారు. అందరూ చేస్తున్నారు కదా అన్న వాదన నిలబడలేదు. ఆ తర్వాత హెడ్ రూల్‌నే తిరగరాయాల్సి వచ్చింది. అందుకే ఇంజిన్ కట్టించేటప్పుడు ఆ గాలి దారి గొంతు దగ్గర ఫొటోలు, కొలతలు అడిగి తీసుకుని ఫైల్లో పెట్టుకోండి. ఇవ్వనన్నవాడి దగ్గర కట్టించకండి.

పక్కవాడి కారు అనుమానంగా ఉంటే ఏం చేయాలి? తిన్నగా వెళ్లి మాట్లాడండి. పదింట ఎనిమిది సార్లు వాడు మీకంటే బాగా మలుపు తిరుగుతున్నాడని తేలుతుంది. వీడియోలు పక్కపక్కన పెట్టి చూసుకుంటే అక్కడే అర్థమైపోతుంది. అయినా అనుమానం తీరకపోతే గడువులోగా రాతపూర్వకంగా ప్రొటెస్ట్ వేయొచ్చు. దేని మీద అనుమానమో స్పష్టంగా రాయాలి. విప్పి చూడాల్సిన పనైతే ఆ ఖర్చుకి మీరు బాండు కట్టాలి. కారు సక్రమంగా ఉంటే ఆ డబ్బు వాడి ఇంజిన్ మళ్లీ బిగించుకోవడానికి పోతుంది. తప్పు తేలితే మీది మీకు తిరిగొస్తుంది, ఖర్చు వాడి మీద పడుతుంది. ప్రొటెస్ట్ అన్న మాట వినపడగానే గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు కొందరు హడావిడిగా ట్రైలర్ సర్దుకోవడం కూడా చూశాను.

మీ మీదే ప్రొటెస్ట్ వస్తే కోపం తెచ్చుకోకండి. ఫైలు తీసి ఇవ్వండి.

మీ ఊళ్లో పది కార్లతో చిన్న క్లాసు నడపాలనుకుంటే ఇంత సరంజామా అక్కర్లేదు. ఒక కాటా, ఒక రిస్ట్రిక్టర్ గేజ్, పెట్రోలు శాంపిల్ సీసాలు చాలు. అన్నిటికంటే చవకైన తనిఖీ ఇంకోటుంది: ఒకే రకం ఇంజిన్లున్న రెండు కార్ల ఈసీయూలు (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్లు) చీటీలు వేసి ఒకదానిది ఇంకోదానికి మార్చి నడపమనండి. తన ఈసీయూ ఇవ్వడానికి ఎవరు నసుగుతారో చూస్తే సగం పని అయిపోతుంది. కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేలోనూ, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోనూ నడిచే ఎల్‌జీబీ ఫార్ములా 4లో కూడా అందరివీ మారుతి స్విఫ్ట్ ఇంజిన్లే. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో అక్కడికి వెళ్లి నడపాలనుకునేవాళ్లకి హబ్ నట్టు అంకె మారుతుంది. కాటా, దారం, ఫైలు మాత్రం ఇవే.

సేఫ్టీ సామాన్ల తేదీలు ఏటా జనవరిలో చూసుకోండి: సీట్ బెల్టుల మీది లేబుల్, హెల్మెట్ లోపలి స్నెల్ (భద్రతా ప్రమాణం) స్టిక్కర్, మంటలార్పే బాటిల్ గేజ్, కిటికీ వల. బెల్టు బాగానే కనిపించినా తేదీ దాటితే టెక్ (రేసుకి ముందు తనిఖీ) దగ్గర వెనక్కి పంపేస్తారు. ట్రాక్ దగ్గర కొత్త బెల్టు దొరికితే దొరుకుతుంది, రెట్టింపు ధరకి.

ఇక ఆదివారం సాయంత్రం కారు ట్రైలర్ ఎక్కించే ముందు ఐదు నిమిషాలు ఆగండి. నోట్‌బుక్‌లో తేదీ, ట్రాక్, ఎండ, ఏ సెషన్‌లో వేడి టైరు గాలి ఎంత, ఎన్ని గ్యాలన్లు తాగింది, కాటా మీద ఎంత వచ్చింది, ఏ మలుపులో ఏం వినిపించింది, అన్నీ రాసుకోండి. నా పుస్తకంలో ఆఖరి పేజీలో ఉన్నది ఇది: "ఎడమ ముందు, రెండో మలుపు తర్వాత పెడల్ ఖాళీ. హబ్?" ఇవాళ సోమవారం. జాకీ తీస్తున్నాను.